ముక్కలు ఏరేస్తే శాకాహారమైపోతుందా?

ప్రశ్న: నా వయసు 31. ఆరేళ్ల క్రితం నా అంతట నేను ఆలోచించుకొని, జీవహింస ఇష్టం లేక, మాంసం, చేపలు, గుడ్లు మానేశాను. పాలు, పెరుగు తీసుకుంటాను. పెళ్లయి మూడేళ్లయింది. అత్తవారింట్లో అందరూ మాంసం తింటారు. నా సంగతి పెళ్లికి ముందే చెప్పాను, ఎవరూ అభ్యంతర పెట్టలేదు. పోయిన నెల మా తోడికోడలు ఇంట్లో విందు జరిగింది. మాంసమూ కూరగాయలూ కలిపి వండిన కూరలోంచి ఆవిడ ముక్కలు ఏరేసి, మిగిలిన కూరగాయలనూ గుజ్జునూ నా కంచంలో వడ్డించి, "ఇందులో ఒక్క ముక్క కూడా లేదు, తిను" అన్నారు. నేను తినలేక పండ్లతో సరిపెట్టుకొని లేచాను. ఆవిడ బాగా చిన్నబుచ్చుకున్నారు. ఇంటికి వచ్చాక మావారు నాది మరీ చాదస్తమన్నారు. ఆ మాటల మధ్యలోనే అత్తయ్యగారు ఇంకో విషయం బయటపెట్టారు. నేను నీరసంగా ఉంటున్నానని కొన్ని నెలలుగా నాకిచ్చే కూరగాయల సూప్‌లో ఎముకలు ఉడికించిన నీళ్లు కలుపుతున్నారట. "ఇన్నాళ్లూ తాగావు, ఏమైంది?" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఏది నోట పెట్టుకోవాలన్నా అనుమానమే. ముక్కలు తీసేసిన కూర తినకపోవడం నిజంగా చాదస్తమా? ఒకే నూనె, ఒకే గరిటె, ఒకే గిన్నెల విషయంలో ఎంతవరకు పట్టింపు ఉండాలి? తెలియక తాగినదాని వల్ల నా నియమం పోయినట్టేనా? వచ్చే నెల మళ్లీ అందరం కలిసే విందు ఉంది. వెళ్లాలా, మానాలా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ నాలుగు ప్రశ్నలలో మొదటిదానికి ముందుగా, సూటిగా జవాబు చెబుతాను. మాంసంతో కలిపి వండిన కూరలోంచి ముక్కలు ఏరేసినంత మాత్రాన అది శాకాహారం కాదు. దాన్ని తినకుండా లేచిన మీరు చాదస్తంగా ప్రవర్తించలేదు. ఆరేళ్లుగా పాటిస్తున్న నియమానికి ఉన్న మామూలు అర్థాన్నే ఆ పూట కూడా పాటించారు, అంతే.

ఇది భావనకో పట్టుదలకో సంబంధించిన మాట కాదు, పొయ్యి మీద జరిగే పని అది. మాంసం నీటిలో ఉడుకుతున్నప్పుడు దానిలోని కొవ్వు కరిగి పైకి తేలి, ఆ గిన్నెలో ఉన్న ప్రతి కూరగాయ ముక్కకూ పట్టుకుంటుంది. కండరాలనూ ఎముకలనూ పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తి వేడికి నెమ్మదిగా విడిపోయి, జెలటిన్‌గా మారి నీటిలో కరిగిపోతుంది. లవణాలూ, మాంసానికి ఆ ప్రత్యేకమైన రుచినిచ్చే పదార్థాలూ గుజ్జులోకి దిగుతాయి. మెత్తగా ఉడికిన దుంపలు, స్పాంజిలాంటి వంకాయ ముక్కలు ఆ గుజ్జును లోపలిదాకా పీల్చుకుంటాయి. అంటే చివరికి ఏరి పారేసే ముక్కల్లో ఎంత మాంసం ఉందో చెప్పగలం గానీ, ఏరలేనిది గిన్నెలో ఎంత మిగిలిందో చెప్పలేం. మీవారికి ఈ సంగతి మాటలతో చెప్పి ఒప్పించడం కష్టమైతే ఒక చిన్న పని చేయమనండి. ముక్కలన్నీ తీసేసిన ఆ గుజ్జును ఒక గాజు గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచమనండి. తెల్లవారేసరికి పైన తెల్లటి కొవ్వు పొర పేరుకొని ఉంటుంది. ఎముకలతో ఎక్కువసేపు ఉడికించినదైతే, కొవ్వు పొర కింద గుజ్జు గడ్డకట్టి, చెంచాతో తాకితే కదులుతుంది. ఆ కదిలేదంతా ముక్కల్లోంచి వచ్చినదే. దాన్ని చూశాక "ఇందులో ఏమీ లేదు" అనడానికి ఎవరికీ నోరు రాదు.

అయినా మీ తోడికోడలు గురించి ఒక్క మాట చెప్పాలి. మాంసం తినేవారిలో చాలామందికి మాంసమంటే కొరికి నమిలే ముక్క. గుజ్జు వారి దృష్టిలో కూరే గానీ మాంసం కాదు. ఆవిడ పదిమందికి వడ్డిస్తున్న హడావిడిలో మీ కోసం ప్రత్యేకంగా కూర్చొని ముక్కలు ఏరారంటే, ఆ పని వెనక ఉన్నది అభిమానమే. ఆవిడ చేసిన పొరపాటు శాకాహారమంటే ఏమిటో తెలియకపోవడంలో ఉంది, మిమ్మల్ని లెక్కచేయకపోవడంలో లేదు. అత్తయ్యగారు చేసిన పని వేరే రకం. దాని దగ్గరకు తర్వాత వస్తాను. ఈ రెండింటినీ మీ మనసులో ఒకే గాటన కట్టకండి.

ఇక నూనె, గరిటె, గిన్నెలు. ఇక్కడ నాకు తోచిన కొలత ఒక్కటే: మాంసంలోనిది ఏదైనా మీ తిండిలోకి దిగి మీరు తినేదానిలో భాగమైందా, లేక ఎప్పుడో తాకి, కడిగాక పోయిందా? ఈ తేడా పట్టుకుంటే రోజూ ఎదురయ్యే సందేహాలలో చాలావరకు అక్కడికక్కడే తేలిపోతాయి.

మాంసమో చేపలో వేయించిన నూనెలోనే మీకు బంగాళదుంప ముక్కలు వేయించి పెడితే, అది కలిపి వండినదానికిందకే వస్తుందని నా అభిప్రాయం. వేగుతున్నప్పుడు మాంసంలోని కొవ్వు నూనెలోకి కరుగుతుంది, పొడిపొడిగా రాలిన తునకలు మూకుడు అడుగున నల్లగా మాడుతూ ఉంటాయి, ఆ తర్వాత వేసిన దుంపలు ఆ నూనెనే పీల్చుకుంటాయి. సన్నగా తరిగి వేయించిన బంగాళదుంపల బరువులో పదో వంతుకు పైగా నూనే ఉంటుంది కాబట్టి, ఇది తాకిడితో పోయే సంగతి కాదు. దీనికి పరిష్కారం మాత్రం చాలా తేలిక. ముందు కూరగాయలు వేయించి తీసేసి, ఆ తర్వాత అదే నూనెలో మాంసం వేయించుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నూనె దండగ కాదు, రెండో మూకుడు అక్కర్లేదు. వంట వరుస మార్చితే చాలన్న ఈ చిన్న మాట చెప్పకపోవడం వల్ల ఇళ్లలో ఎన్నో మనస్పర్థలు వస్తాయి. ఇనుప జాలీ మీద కాల్చే పదార్థాలకూ ఇదే వర్తిస్తుంది. జాలీకి అంటిన కొవ్వు మీ ముక్కలకు పట్టకుండా కింద రేకు పరచమనవచ్చు, లేదా మీవి ముందు కాల్చమనవచ్చు. అంతస్తులుగా అమర్చి ఆవిరి మీద ఉడికించే పాత్రలో మాంసం పై అరలో ఉంటే దాని రసం కింది కూరగాయల మీద కారుతుంది కాబట్టి, కూరగాయలు పైన ఉండాలి.

గరిటె విషయంలో పట్టింపు సమంజసమే. కూరగాయల గిన్నెలో మాంసం కూర గరిటె పెట్టి తిప్పితే ఒక చెంచాడు గుజ్జయినా అందులో దిగుతుంది. నాకు చాలా ఏళ్లుగా తెలిసిన ఒక స్నేహితురాలి ఇంట్లో అందరూ మాంసాహారులే. నేను మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు వంటింట్లో ఒక గరిటె పిడికి తెల్లటి దారం కట్టి ఉండడం చూసి ఎందుకని అడిగాను. "అది నీ గరిటె. పిల్లలు తొందరలో ఏది పడితే అది పట్టుకుంటారు, దారం కనబడితే ఆగుతారు" అని చెప్పింది. ఆ ఇంట్లో నాకోసం వేరే పొయ్యి పెట్టలేదు, ఎవరూ తమ తిండి మానుకోలేదు. ఒక జానెడు దారంతో ఆ ఇల్లాలు నా భయమంతా తీసేసింది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో నేను ఒక్కసారి కూడా "ఇందులో ఏముంది?" అని అడగవలసిన అవసరం రాలేదు.

గిన్నెల విషయంలో మాత్రం, మీరు ఏమీ అనుకోకపోతే, కాస్త సడలించుకోమనే చెబుతాను. స్టీలు, గాజు, నున్నని పింగాణీ పాత్రలు తమలోకి దేన్నీ పీల్చుకోవు. సబ్బు కణం ఒక కొనతో కొవ్వును, రెండో కొనతో నీటిని పట్టుకుంటుంది కాబట్టి, వేడినీళ్లతో సబ్బు పెట్టి తోమి కడిగిన స్టీలు గిన్నెలో నిన్నటి మాంసం మిగిలి ఉండే ప్రశ్నే లేదు. కర్ర పలక, కర్ర గరిటె, మెరుగు పెట్టని మట్టికుండ మాత్రం రసాన్నీ వాసననూ తమలో దాచుకుంటాయి. పోత ఇనుము పెనం మీద నల్లగా మెరిసే పొర కూడా నూనె గట్టిపడి ఏర్పడినదే, అది తోమితే పోయేది కాదు. అందువల్ల కూరగాయలు తరిగే పలక ఒకటి, కర్ర గరిటె ఒకటి, పెనం ఒకటి మీవంటూ విడిగా పెట్టుకొని, మిగిలిన గిన్నెలను అందరితో పాటు వాడుకుంటే సరిపోతుంది. ఫ్రిజ్‌లో పచ్చి మాంసాన్ని మూతపెట్టి అన్నిటికన్నా కింది అరలో ఉంచాలన్నది, పచ్చి మాంసం కోసిన పలక మీద పచ్చిగా తినే కూరగాయలు కోయకూడదన్నది మీకోసం చేసే సర్దుబాట్లు కావు. పచ్చి మాంసం మీద ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియా వండని పదార్థాలకు అంటకుండా ప్రతి ఇంట్లోనూ పాటించవలసిన జాగ్రత్తలవి. ఇంట్లో ఈ మాట ఎత్తేటప్పుడు మీ నియమం పేరు చెప్పకుండా అందరి ఆరోగ్యం పేరు చెప్పండి, అది నిజం కూడా.

ఇంతవరకు చెప్పినదంతా నా కొలత. మీ కొలత మీరే నిర్ణయించుకోవాలి, అందుకు మాంసం ఎందుకు మానారో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఆరోగ్యం కోసం మానినవారికి చెంచాడు గుజ్జు పెద్ద విషయం కాకపోవచ్చు. మొక్కుకొనో మతవిశ్వాసం కొద్దీనో మానినవారికి అదే చెంచాడు భరించరానిది కావచ్చు. మీలాగా జీవహింస ఇష్టం లేక మానినవారిలోనూ రెండు రకాలవారున్నారు. తమ వల్ల అదనంగా ఏ ప్రాణీ పోకపోతే చాలనుకునేవారు కొందరు, ప్రాణి శరీరంలోని ఏ భాగాన్నీ తమ ఆహారంగా అంగీకరించలేనివారు ఇంకొందరు. మొదటి రకం వాదన ప్రకారం, ఎలాగూ వండేసిన కూరలోని గుజ్జు తిన్నంత మాత్రాన కొత్తగా హింస జరగదు. ఈ వాదన చాలా పాతది. చైనాలో ఏడో శతాబ్దానికి చెందిన బౌద్ధ గురువు హుయినెంగ్ శత్రువుల నుంచి తప్పించుకొని వేటగాళ్ల మధ్య ఏళ్ల తరబడి అజ్ఞాతంగా బతికినప్పుడు, వాళ్లు మాంసం ఉడికించే కుండలోనే తన ఆకుకూరలు వేసుకొని, అడిగినవారికి తాను మాంసం పక్కనున్న కూరలు మాత్రమే తింటానని చెప్పేవారని ఆయన సంప్రదాయంలో చెప్పుకుంటారు. ఆ కథంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆయన ప్రాణభయంతో దాక్కున్న మనిషి, ఆయనకు రెండో కుండ లేదు. రెండో గిన్నె, రెండో గరిటె, రెండో పొయ్యి ఉన్న ఇంట్లో ఎవరైనా ఆ కథను చూపించి మిమ్మల్ని ఒప్పించబోతే, ఒప్పుకోనవసరం లేదు.

గాంధీజీ ఆత్మకథలో చెప్పిన అనుభవం మీకు మరింత దగ్గరగా ఉంటుంది. 1888లో చదువు కోసం ఇంగ్లండు వెళ్లే ముందు మాంసం ముట్టనని ఆయన తల్లికి మాట ఇచ్చారు. అక్కడికి వెళ్లాక మాంసమంటే ఏమిటన్నదానికి మూడు రకాల నిర్వచనాలు ఆయన చెవిన పడ్డాయి. పశుపక్ష్యాదుల మాంసం మాత్రమే మాంసమని, చేపలూ గుడ్లూ తినవచ్చని ఒకటి. చేపలతో సహా ప్రాణులన్నిటి మాంసమూ నిషిద్ధమే గానీ గుడ్లకు అభ్యంతరం లేదని ఒకటి. గుడ్లూ పాలూ కూడా కూడదని మరొకటి. తనకు అనుకూలమైన నిర్వచనాన్ని ఎంచుకొని ఆయన కొద్దికాలం గుడ్లు తిన్నారు కూడా. తర్వాత, మాట తీసుకున్న తల్లి మనసులో మాంసమనే మాటకు ఏ అర్థం ఉందో అదే తనకు వర్తిస్తుందని గ్రహించి మానేశారు. అప్పటి నుంచి కేకుల్లోనూ తీపి వంటకాల్లోనూ గుడ్లు కలిశాయా అని ప్రతిచోటా అడిగి తెలుసుకోవలసి వచ్చిందని, అది ఇబ్బందిగానే ఉన్నా దానివల్ల కలిగిన మనశ్శాంతి గొప్పదని రాసుకున్నారు. నియమానికి అర్థం చెప్పవలసింది ఆ నియమాన్ని తీసుకున్నప్పటి మనసే గానీ, వడ్డించేవారి సౌకర్యం కాదు. ఆరేళ్ల క్రితం మాంసం మానాలని నిర్ణయించుకున్న రోజున, మాంసం ఉడికిన గుజ్జు తినవచ్చునని మీరు అనుకొని ఉంటారా? అనుకొని ఉండరనే నా నమ్మకం.

కడిగిన గిన్నెను చూసినా, పక్కన ఎవరో మాంసం తింటున్నా మీకు కడుపులో తిప్పినట్టు ఉంటే, దాన్ని కూడా తప్పుగా అనుకోకండి. నైతిక కారణాలతో మాంసం మానినవారిలో, ఆరోగ్యం కోసం మానినవారికన్నా, మాంసం పట్ల ఏవగింపు ఎక్కువగా ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చింది. అంతకు ముందు 1986 నాటి మరో అధ్యయనంలో, క్రిమిరహితం చేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసంలో ఒక్కసారి ముంచి తీస్తే, ఆ రసంలో హాని ఏమీ లేదని తెలిసినా దాన్ని తాగడానికి జనం ఇష్టపడలేదు. మాంసాహారులలోనూ శాకాహారులలోనూ ఈ స్వభావం ఉంటుంది. మీ బాధ మీవారికి అర్థం కావాలంటే ఈ ఉదాహరణ ఉపయోగపడవచ్చు. తనకు ఏవగింపైనది తాకిన పానీయాన్ని తాను తాగగలనా అని ఆయన ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. అయితే ఏవగింపుకూ నియమానికీ తేడా ఉంది. ఏవగింపు ఉన్నచోట మీరు పక్కకు తప్పుకోవచ్చు గానీ, ఎదుటివారు తమ కంచం తీసేయాలని అడగలేరు.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టినది ఇదే. మీరు వద్దనుకున్నదాన్ని మీకు తెలియకుండా మీ నోటికి అందించడం తప్పు. ప్రేమతో చేసినా తప్పే. "ఏమైంది?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు శరీరం వరకు జవాబు చెప్పాలంటే, బహుశా ఏమీ కాలేదు. మాంసం మానిన కొన్నేళ్లకు దాన్ని అరిగించుకునే శక్తే పోతుందని చాలామంది అంటారు గానీ అది నిజం కాదు. పప్పుల్లోని మాంసకృత్తులను అరిగించే రసాలే మాంసంలోని వాటినీ అరిగిస్తాయి. కానీ అదే ధైర్యంతో ఇంకొకరికి ఇంకొకసారి ఇలా చేస్తే ప్రమాదం జరగవచ్చు. కొన్ని రకాల పిడుదులు కుట్టినవారిలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర పదార్థానికి అలర్జీ ఏర్పడి, పశుమాంసమే కాక, కొందరికి దాని కొవ్వూ జెలటినూ కూడా పడకుండా పోతాయి. చేపల అలర్జీ ఉన్నవారిలో కొందరికి వండేటప్పుడు వచ్చే ఆవిరి కూడా హాని చేస్తుంది. ఎదుటి మనిషి వద్దన్నదానికి కారణం మనకు తెలిసినా తెలియకపోయినా, చెప్పకుండా కలపకూడదన్నది అందుకే.

శరీరం మాట అటుంచితే, నిజంగా జరిగిన నష్టం ఇంట్లో పెట్టిన అన్నం మీద నమ్మకం పోవడం. ఆ నమ్మకం తిరిగి రావాలంటే ఈ విషయం ఒకసారి నోరు తెరిచి మాట్లాడుకోవలసిందే. దెబ్బలాటలా కాకుండా, మీవారూ అత్తయ్యగారూ ఇద్దరూ ఉన్నప్పుడు ప్రశాంతంగా కూర్చొని చెప్పండి. "అత్తయ్యా, నా ఆరోగ్యం కోసమే చేశారని నాకు తెలుసు. కానీ నాకు చెప్పకుండా చేయడం వల్ల ఇప్పుడు మీ చేతి వంట తినాలంటే భయం వేస్తోంది. ఇకపై ఏది కలిపినా ముందు చెప్పండి, తినాలో వద్దో నేను చూసుకుంటాను" అంటే చాలు. ఇందులో నింద లేదు, అలాగని జరిగినదాన్ని చిన్నది చేసి చెప్పడమూ లేదు. ఈ మాట మీవారి చేత అనిపించగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే కొడుకు అడిగితే ఆవిడకు అది కోడలి ఫిర్యాదులా వినిపించదు. కొన్నాళ్లపాటు సూప్ మీరే పెట్టుకోండి. నమ్మకం కుదిరాక మళ్లీ ఆవిడ చేతికే ఇవ్వండి.

ఆవిడ గమనించిన నీరసాన్ని మాత్రం కొట్టిపారేయకండి. ఎముకలు ఉడికించిన నీటిలో ఉండేది ముఖ్యంగా జెలటిన్. దానిలో మనిషికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లమే ఉండదు, ఇనుమూ అంతంతమాత్రమే. అందువల్ల నీరసానికి అది మందు కాదు. శాకాహారులు చూసుకోవలసినది బి12 విటమిన్, ఇనుము. పాలు, పెరుగులో బి12 ఉంటుంది గానీ, తీసుకునే పరిమాణాన్ని బట్టి అది చాలకపోవచ్చు. డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (శరీరంలో ఇనుము నిల్వను చూపేది), బి12 రక్తపరీక్షలు చేయించుకోండి. బి12 మాత్రలను బాక్టీరియా సాయంతో తయారుచేస్తారు, మాత్రకు పైనున్న గొట్టం జెలటిన్‌ది కాకుండా చూసుకుంటే మీకు అభ్యంతరకరమైనదేమీ వాటిలో ఉండదు. ఆ పరీక్షల కాగితాలు అత్తయ్యగారికి కూడా చూపించండి. ఆవిడ భయం కూడా తీరాలి కదా. (అత్యవసరమైన మందు గొట్టాల రూపంలోనే దొరికినప్పుడు మాత్రం జెలటిన్ గురించి ఆలోచించకుండా వేసుకోండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.)

మీ నియమం పోయిందా అని అడిగారు. పోలేదు. తెలిసి, ఇష్టపడి చేసినదానికే మనిషి బాధ్యుడు. బౌద్ధ భిక్షువులకు కూడా, తమ కోసమే ప్రాణిని చంపారని కళ్లారా చూసినా, చెవులారా విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం నిషిద్ధమని పాళీ గ్రంథాల్లో ఉంది. అంటే అక్కడ కూడా తెలియడమనేదానికే విలువ ఇచ్చారు. పాలు సైతం ముట్టనివారి కోసం 1944లో ఇంగ్లండులో ఏర్పడిన వీగన్ సొసైటీ సైతం, తమ జీవన విధానాన్ని నిర్వచించేటప్పుడు సాధ్యమైనంతవరకు, ఆచరణలో వీలైనంతవరకు అనే మాటను చేర్చుకుంది. అంత కఠినంగా నడుచుకునేవారే ఆ వీలును ఉంచుకున్నప్పుడు, మిమ్మల్ని మోసగించి తాగించినదాన్ని మీ ఖాతాలో రాసుకోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం. ఆ ఆరేళ్లు ఆరేళ్లే. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోనవసరం లేదు.

ఈ మధ్య అనుమానం పెరిగిందన్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. ఇటువంటి సమయంలో దుకాణంలో కొనే ప్రతి వస్తువు వెనకా చదవడం మొదలుపెడితే అంతు కనిపించదు. పాలు తీసుకునే మీకు ముఖ్యంగా తెలియవలసింది చీజ్ సంగతి. సంప్రదాయ పద్ధతిలో పాలను గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్‌ను పాలు తాగే దూడ కడుపులోంచి తీస్తారు. అదే ఎంజైమును సూక్ష్మజీవుల సాయంతో తయారుచేసే పద్ధతికి 1990లో అమెరికాలో అనుమతి వచ్చాక, ఇప్పుడు చాలా చీజ్‌లు అలాంటిదానితోనే తయారవుతున్నాయి. జెల్లీలు, కొన్ని మెత్తని మిఠాయిలలో జెలటిన్, ఎర్రని రంగు కోసం పురుగుల నుంచి తీసే కార్మైన్ ఉండవచ్చు. పొట్లం మీద E120 అని ఉంటే అది కార్మైనే. ఈ రెండు మూడూ చూసుకొని అక్కడితో ఆగండి. ఇంట్లో మనుషుల మీద నమ్మకం కుదుటపడకముందే అలమారలోని సీసాలన్నీ విచారణకు పెడితే, మీ మనసుకే విశ్రాంతి ఉండదు.

వచ్చే నెల విందుకు వెళ్లండి. కానీ వడ్డన దాకా ఆగకండి. నాలుగు రోజుల ముందే తోడికోడలికి ఫోన్ చేసి, పోయినసారి మీరు తినకపోవడం వల్ల ఆవిడ మనసు కష్టపడినందుకు బాధగా ఉందని ముందు చెప్పండి. తినకపోయినందుకు క్షమాపణ చెప్పకండి, ఆ రెండూ వేరు. ఆ తర్వాత, కలిపి ఉడికించినది, అదే నూనెలో వేగినది మీరు తినలేరని, కడిగిన గిన్నెల విషయంలో పట్టింపు ఏమీ లేదని రెండు ముక్కల్లో చెప్పండి. ఎక్కడ ఒప్పుకోరో చెప్పడంతోపాటు ఎక్కడ సర్దుకుంటారో కూడా చెబితే, వండేవారికి పని తేలికవుతుంది. "అక్కా, కూరగాయల్లోకి మాంసం వేయకముందే నాకు ఒక గిన్నెడు తీసి మూతపెట్టి ఉంచండి" అని అడగండి. ఆవిడకు అదనంగా పడే శ్రమ ఒక గిన్నె, ఒక గరిటె. వీలైతే మీరు కూడా నలుగురికీ సరిపడా ఒక వంటకం చేసి పట్టుకెళ్లండి, మీకోసం దాచుకున్న డబ్బాలా కాకుండా అందరి మధ్యా పెట్టండి. అక్కడ ఇతరులు తినే మాంసం గురించి ఒక్క మాట కూడా అనవద్దు. మీ కంచం గురించి మీకెంత హక్కుందో వారి కంచం గురించి వారికీ అంతే ఉంది.

వడ్డించేటప్పుడు ఎవరైనా మళ్లీ ముక్కలు ఏరి పెట్టబోతే, కారణాలు చెప్పకుండా "నాకు అక్క వేరే తీసి ఉంచారు" అని ఆ మూతపెట్టిన గిన్నెను చూపించండి.